కచేరీ కంటే ముందు వంత కావాలి

మీరు అడిగింది ఇది: "అక్కా, మేం హైదరాబాద్‌లో ఉప్పల్, రామంతాపూర్ వైపు ఉండే ఇరవై మందిమి. ఈ ఎండాకాలం ప్రతి ఆదివారం కలిసి జానపదాలు పాడుకోవాలనీ, సెలవులు అయిపోయేలోపు ఊళ్ళ నుంచి కళాకారుల్ని పిలిచి ఒక కచేరీ చేయాలనీ ఉంది. హాలు ఏది తీసుకోవాలి? ఎవరిని పిలవాలి? డబ్బు సంగతి ఎలా?"

హాలు గురించి చివర్లో చెబుతాను తమ్ముడూ. అందరూ హాలుతోనే మొదలుపెడతారు. తేదీ దొరుకుతుంది, ఫ్లెక్సీ కొట్టిస్తారు, వాట్సాప్‌లో పోస్టర్ తిరుగుతుంది, జనం కూడా వస్తారు. తీరా పాట మొదలయ్యాక కింద కూర్చున్న రెండు వందల మందిలో పల్లవి అందుకునే గొంతు ఒక్కటీ ఉండదు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటారు. పైన పాడే మనిషి ఒంటరివాడైపోతాడు. ఇరవై ఏళ్ళుగా ఈ నగరంలో ఇలాంటి కూడికలు నడుపుతున్నాను, జానపదానికి ఇంతకంటే పెద్ద కష్టం నాకు కనిపించలేదు. అందుకే మీకు మొదట చెప్పేది ఒకటే: ఈ ఎండాకాలం ముందు వంత పాడేవాళ్ళను, అంటే పల్లవి అందుకుని తిరిగి పాడేవాళ్ళను తయారు చేసుకోండి. ఆ పని సరిగ్గా జరిగితే కచేరీ సగం అయిపోయినట్టే.

వంత పాడటం అంటే ఇప్పుడు ఎవరేమన్నా తలాడించడం అనే అర్థంలోనే వాడుతున్నాం. కథ చెప్పేవాళ్ళ దగ్గర ఆ మాటకు చాలా విలువ ఉంది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం నడిపిస్తే ఇంకొకరు లోకం సంగతులు, రాజకీయం ఎత్తుకుంటారు. డోలు మోతతో బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కవాడు దాన్ని అందుకుని, తిప్పి అడిగి, కథను ముందుకు తోస్తాడు. కథకుడు ఊపిరి తీసుకునేది ఆ సందులోనే. నాట్లేసే ఆడవాళ్ళ పాటైనా, బతుకమ్మ చుట్టూ తిరిగే పాటైనా అంతే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు చెప్తారు. ఎత్తుకున్న మనిషికి తర్వాతి చరణం గుర్తొచ్చేది మిగతావాళ్ళు పల్లవి పాడుతున్న ఆ కాస్త సేపట్లోనే. వంత తీసేస్తే పాటకు ఊపిరాడదు.

ఇది మాకు మొదట్లో తెలియలేదు. 2009 మే నెలలో మేం మొదటి కచేరీ పెట్టాం. జనగామ వైపు నుంచి ఒక ఒగ్గు బృందాన్ని పిలిచాం. డబ్బు తక్కువుందని, ఎనిమిది మంది రావాల్సిన చోట నలుగురు చాలన్నాం. కార్యక్రమంలో తొమ్మిది అంశాలు. ముఖ్య అతిథుల ప్రసంగాలు గంట దాటాయి. ఒగ్గు వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పదింటికి హాలు ఖాళీ చేయాలి. ఆ పెద్దాయన నుదుట బండారి (పసుపు) పెట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని సాయంత్రం నాలుగింటి నుంచీ పక్క గదిలో కూర్చునే ఉన్నారు. ఎల్లమ్మ పుట్టుక దగ్గర కథ మొదలుపెట్టారు. పది నిమిషాలకే తెర పక్క నుంచి మావాళ్ళు చీటీ పంపారు. ఆయన చీటీ చూసి, కథను అక్కడే ఆపి, డోలుకు దండం పెట్టుకుని దిగిపోయారు. కోపం చూపించలేదు. భోజనాల దగ్గర మాత్రం, వంత సరిపోకపోతే కథ లేవదనీ, మధ్యలో ఆపిన కథ చెప్పిన మనిషికి బరువనీ మెల్లగా అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు మేం కచేరీ జోలికి పోలేదు. ఆదివారాలు కూర్చుని పాడుకోవడం నేర్చుకున్నాం.

ఆ కూర్చోవడం ఎలాగో వివరంగా చెబుతాను, అసలు పనంతా అందులోనే ఉంది.

ఎవరిదైనా ఒక డాబా చూసుకోండి. చాపలు పరిచి గుండ్రంగా కూర్చోండి. మైకు వద్దు. పాతిక ముప్పై మంది దాటితే రెండు గుంపులుగా విడిపోండి, ఎదుటి మనిషి పెదవులు కనిపించనంత దూరంలో కూర్చుంటే పాట రాదు. ఒక ఆదివారానికి ఒక కొత్త పాట చాలు. దాన్ని తెచ్చినవాళ్ళు పాడేముందు మూడు విషయాలు చెప్పాలి: ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊరిది, ఏ పని చేస్తూ పాడతారు. ఈ మూడూ చెప్పలేకపోతే ఆ పాటను వచ్చే వారానికి వాయిదా వేయండి, కనుక్కుని రమ్మనండి. మొదట్లో ఇది పట్టింపులా అనిపిస్తుంది. నాలుగు వారాలు గడిచాక మీకే తెలుస్తుంది, యూట్యూబ్‌లో విన్న పాటలు తగ్గి, ఇంట్లో అమ్మమ్మల్ని అడిగి తెచ్చిన పాటలు పెరుగుతాయి.

సాహిత్యం ఫోన్‌లో చూసి పాడొద్దు. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ఒకరు ఒక వరస చెప్తే అందరూ అనాలి, మళ్ళీ చెప్తే మళ్ళీ అనాలి. పదిసార్లు అంటే ఎవరికైనా వస్తుంది. స్క్రీన్ చూస్తూ పాడేవాళ్ళు పక్కవాళ్ళ గొంతు వినరు. వినకపోతే వంత కలవదు. ఇంకో సంగతి, పాట ఎవరు ఎత్తుకుంటే శ్రుతి వాళ్ళది. మగవాళ్ళు ఎత్తుకుంటే ఆడవాళ్ళకు గొంతు కిందికి పడిపోతుంది, గొణిగినట్టు పాడి ఊరుకుంటారు. అందుకని ఎక్కువ పాటలు ఆడవాళ్ళనే ఎత్తుకోమనండి. మగవాళ్ళు ఒక స్థాయి కింద నుంచి హాయిగా కలుపుతారు.

దరువు ముందు చేతులతో నేర్చుకోండి. మన జానపదాల్లో చాలా పాటలు మూడు దెబ్బల నడకలో ఉంటాయి. సినిమా పాటల అలవాటు కొద్దీ మనవాళ్ళు నాలుగు దెబ్బల చప్పట్లు కొడతారు, అక్కడ పాట బిగుసుకుపోతుంది. పాడుతూ కొంచెం ఊగండి, నడక దానంతటదే దొరుకుతుంది. డప్పు రెండో నెలలో తెచ్చుకోవచ్చు. నాలుగు గోడల మధ్య డప్పు మొదలైతే ఇంకేమీ వినపడదు, కొత్తవాళ్ళ గొంతులు అసలే లేవవు.

పాటలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మీ వీధిలోనే దొరుకుతాయి. ఈ నగరంలో అపార్ట్‌మెంట్లు కట్టిన చేతుల్లో పాలమూరువి ఎన్నో, శ్రీకాకుళానివి ఎన్నో. మేముండే చోట వాచ్‌మన్ వాళ్ళ అత్త వనపర్తి వైపు నుంచి వచ్చి కొన్నాళ్ళు ఉంది. ఇసుర్రాయి పాటలు వస్తాయని తెలిసి పాడమంటే, సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. రెండు చరణాలు పాడి ఆగిపోయింది, గుర్తు రావట్లేదంది. మాలో ఒకమ్మాయి వెళ్ళి ఆమె ముందు ఒక పీట బోర్లించి, దాని మీద రోకలిబండ చిన్నది నిలబెట్టి పట్టుకుంది. ఆమె నవ్వి, కుడిచేత్తో దాన్ని పట్టుకుని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. మూడో తిప్పుకే పాట వచ్చేసింది. పదకొండు చరణాలు ఆగకుండా పాడింది. మధ్యమధ్యలో ఎడమచేత్తో గుప్పెడు గింజలు పోస్తున్నట్టు చేయి ముందుకొచ్చేది, సరిగ్గా అక్కడ పాటలో చిన్న విరుపు. ఆ విరుపు ఎందుకుందో ఏ రికార్డు విన్నా మాకు తెలిసేది కాదు. అందుకే పాట అడిగేటప్పుడు పని కూడా అడగండి. చేట ఉంటే చేట ఇవ్వండి, ఊయల ఉంటే ఊయల చూపించండి.

ఇంకా మన దగ్గర దక్కనీ మాట్లాడే ముస్లిం ఇళ్ళలో పెళ్ళికి ముందు ఆడవాళ్ళు ఢోలక్ పెట్టుకుని పాడే పాటలున్నాయి, ఢోలక్ కే గీత్ అంటారు. అత్తగారిని, ఆడబిడ్డను ఆటపట్టించే ఆ పాటలు వింటే మన పెళ్ళి పాటలకు అక్కాచెల్లెళ్ళే అనిపిస్తాయి. నలుగు పాటలు వచ్చిన ఒక పెద్దమ్మనూ, ఢోలక్ పాటలు వచ్చిన ఒక ఖాలానూ పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. మేం ఒకసారి అలా చేస్తే రాత్రి పదకొండైనా ఎవరూ లేవలేదు. పీర్ల పండుగకు అలావా (నిప్పుల గుండం) చుట్టూ తిరుగుతూ పాడే తెలుగు పాటలు కూడా అడిగి తెలుసుకోండి, ఊళ్ళలో హిందువులూ ముస్లింలూ కలిసి పాడే పాటలవి.

ఎండాకాలం ఎందుకు మంచిదో కూడా చెప్పాలి. యాసంగి కోతలు అయిపోయి ఊళ్ళో చేతికి కాస్త తీరిక దొరికే కాలం ఇది. పిల్లలకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. వాళ్ళను తప్పకుండా తీసుకురండి. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడుతూ పాడితే పిల్లలు వంత అంటే ఏంటో పెద్దవాళ్ళ కంటే ముందే పట్టుకుంటారు. సాయంత్రం ఆరున్నరకు ముందు మొదలుపెట్టొద్దు. మే నెలలో పొద్దు గూకేది 6.40 ప్రాంతంలో, డాబా నేల ఆ తర్వాత కూడా అరగంట సెగ కొడుతూనే ఉంటుంది. నాలుగింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి నీళ్ళు చల్లితే కూర్చోవచ్చు. ఒక రంజన్ నిండా నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలు. ఫ్రిజ్ నీళ్ళు, కూల్‌డ్రింకులు వద్దు, గొంతు పట్టేస్తుంది.

ఇక కళాకారుల్ని పిలవడం. ఇందులో తేదీ చాలా ముఖ్యం, దీనికి క్యాలెండర్ కంటే పంచాంగం ఎక్కువ పనికొస్తుంది. వేసవిలో మంచి ముహూర్తాలున్న రోజుల్లో డప్పు దళాలు పెళ్ళిళ్ళకు ఒప్పుకుని ఉంటాయి. ఆ రోజు మీకు వస్తే వాళ్ళకు నష్టం, మొహమాటానికి వస్తామన్నా మీరు ఒప్పుకోకూడదు. మూఢం ఎప్పుడుందో చూసుకోండి, ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు, వాళ్ళకు పని కూడా ఉండదు. అప్పుడు పిలిస్తే వాళ్ళకూ మేలే. ఒగ్గు పూజారులకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర ఉంటుంది, అప్పుడు కదిలించొద్దు. జూన్ 2న రాష్ట్రావతరణ కార్యక్రమాలకు చాలా బృందాలు వెళ్తాయి. ఆషాఢం వస్తే గోల్కొండతో మొదలై సికింద్రాబాద్, లాల్‌దర్వాజా దాకా బోనాలు, ఇక డప్పు వాళ్ళు దొరకరు. ఇవన్నీ తీసేస్తే మీకు మిగిలేది మే రెండో సగం. నా సలహా అయితే మే చివరి శనివారం. ఆ రోజుల్లో సాయంత్రం గాలిదుమారం, ఉరుముల వాన వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి ఆరుబయట పెట్టేట్టయితే పక్కనే పైకప్పున్న చోటు ఒకటి చూసి పెట్టుకోండి. తోలు వాయిద్యాలు తడిస్తే ఆ రాత్రికి పనికిరావు.

ఎంతమందిని పిలవాలి? ఒక సాయంత్రానికి రెండు కళారూపాలు. మూడోది వద్దు. ఒగ్గు కథ పిలిస్తే కనీసం గంటన్నర ఇవ్వండి. ఊళ్ళో బీరప్ప కథో మల్లన్న కథో రాత్రంతా నడుస్తుంది, ఒక్కోసారి రోజుల తరబడి నడుస్తుంది. గంటన్నర అంటే అందులో ఒక ఘట్టం మాత్రమే. ఏ ఘట్టం చెప్పాలో వాళ్ళనే నిర్ణయించుకోమనండి. బృందం ఎంతమందైతే అంతమందినీ పిలవండి, తగ్గించమని అడగొద్దు. ఇక్కడ ఒక మాట. ఇప్పుడు ఊరేగింపుల్లో, నాయకుల స్వాగతాల్లో డోళ్ళు వాయిస్తూ గిరగిరా తిరిగే కుర్రవాళ్ళను చూసి అదే ఒగ్గు కథ అనుకుంటున్నారు జనం. డోలు విన్యాసం గొప్పదే, ఆ పిల్లల కష్టం నాకు తెలుసు. కానీ కథ నుంచి డోలు విడిపోయి బతకడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఒగ్గు కథ చెప్పిన చుక్క సత్తయ్య గారు, మిద్దె రాములు గారు ఒక్కరే రాజూ రాణీ దాసీ అయి నిలబడి, చీర కొంగులా ఒక గుడ్డ నెత్తిన వేసుకోగానే మనిషే మారిపోయేవారు. మిద్దె రాములు గారు 2010లో, సత్తయ్య గారు 2017లో పోయారు. మీరు కథ పిలవండి, డోలు ఎలాగూ వెంట వస్తుంది.

పేరున్నవాళ్ళనే పిలవాలని చూడకండి. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట వైపు బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి, చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఇలాంటి పెద్దల పేర్లు తెలిసినంతగా వాళ్ళ పక్కన వంత పాడినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఏ బృందంతో మాట్లాడినా, మీ దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు ఎవరున్నారని తప్పక అడగండి. ఆ పిల్లల దారిఖర్చు కూడా మీరే పెట్టుకుని రప్పించండి. ఎవరెక్కడ ఉన్నారో తెలియకపోతే వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వాళ్ళను అడగొచ్చు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు 1950లలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసిన నాటి నుంచి ఈ పని చేసేవాళ్ళు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు, అడిగితే చెప్తారు.

కొన్ని కథలు ఒక కులం వాళ్ళ పుట్టుకను చెప్పేవి, వాటిని చెప్పే హక్కు ఒక కుటుంబానిదో ఒక వంశానిదో అయి ఉంటుంది. డక్కలి వాళ్ళు, చిందు వాళ్ళు, బైండ్ల వాళ్ళు, ఒగ్గు వాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కో కథ, ఒక్కో వాయిద్యం. బాగుంది కదా అని ఆ కథను మనం నేర్చుకుని మన కచేరీలో పాడేయకూడదు. వినండి, వంత పాడమంటే పాడండి. అలాగే డప్పు వాళ్ళను గేటు దగ్గర నిలబెట్టి వచ్చిన ప్రతి కారుకూ వాయించమనడం చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ వాయిద్యం పట్టుకున్నందుకు ఊళ్ళో తాతల కాలం నుంచి వాళ్ళు పడ్డ అవమానాలు చాలు. వాళ్ళను వేదిక మీదే వాయించమనండి, కుర్చీ వేయండి, అందరితో పాటు ఒకే బంతిలో భోజనం పెట్టండి.

డబ్బు దగ్గర నా పద్ధతి చెబుతాను. పిలిచిన రోజే దారిఖర్చు పంపిస్తాను. మిగతాది కార్యక్రమం అయిన రాత్రి, వాళ్ళు బస్సెక్కకముందే, బృందంలో అందరి ముందూ ఇస్తాను. ఎంత అని వాళ్ళనే అడుగుతాను, బేరం ఆడను. మా దగ్గర అంత లేకపోతే ఆ మాట ముందే చెప్పి, ఇంకో ఏడాది పిలుస్తాను. శాలువా, జ్ఞాపిక ఖర్చు తీసేసి ఆ డబ్బు కూడా పారితోషికంలోనే కలిపేస్తాం. ఒకాయన ఇంట్లో బీరువా నిండా శాలువాలున్నాయి, పైకప్పు మీద రేకు మాత్రం లేదు. అది చూశాక మా సంఘంలో శాలువా మాట ఎవరూ ఎత్తలేదు. నిధుల కోసం టికెట్ పెట్టకండి. మీ ఇరవై మందీ ఏప్రిల్ నుంచి వారానికి ఇంతని డబ్బాలో వేస్తే మే చివరికి ఒక బృందానికి సరిపోతుంది. రెండో బృందానికి సభలో జోలె తిప్పండి.

వాయిద్యాల గురించి కొంచెం జాగ్రత్త. డప్పు మేకతోలుతో ఉంటుంది. పొడిగాలిలో బిగువుగా మోగుతుంది, చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. బయట మే ఎండలో ఖంగున మోగిన డప్పు ఏసీ హాల్లో అరగంట ఉంచితే బద్ధకంగా పలుకుతుంది. అప్పుడు మంట కాచి బిగించాలి. ఒకసారి ఇలాగే, కాచుకోవడానికి చోటు లేక ఒక హాలు పార్కింగ్‌లో మావాళ్ళు పాత పేపర్లు అంటించారు. నలుగురూ మంట చుట్టూ కూర్చుని డప్పును తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. సెక్యూరిటీ వాళ్ళు పరుగెత్తుకొచ్చి మంట మీద బకెట్ నీళ్ళు పోశారు. రెండు డప్పులు తడిసిపోయాయి. ఆ తప్పు మాదే, ముందే అడిగి చోటు చూపించాల్సింది. మీరు హాలు వాళ్ళతో మాట్లాడేటప్పుడే డప్పు కాచుకునే చోటు అడగండి, ఇసుక బకెట్ పక్కన పెట్టుకోండి. కిన్నెరకైతే మెట్లను తేనెమైనంతో అంటిస్తారు కాబట్టి ఎండలో ఆగిన కారు డిక్కీలో పెట్టొద్దు, మైనం కరిగితే మెట్టు జరిగిపోతుంది.

సౌండ్ వాళ్ళతో కార్యక్రమానికి ముందు ఒక గంట కూర్చోండి. మొట్టమొదట ఎకో తీసేయమనండి. పెళ్ళి మండపాల అలవాటుతో వాళ్ళు ఎకో పెట్టేస్తారు, దాంతో కథలో ఒక్క మాటా అర్థం కాదు. డప్పుకూ డోలుకూ మైకు అక్కర్లేదు. కిన్నెర, జమిడిక లాంటివాటికి మాత్రం దగ్గరగా పెట్టాలి. జమిడిక చూశారా? చిన్న గుండిగలాంటి దానికి అడుగున తోలు బిగించి, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ లోపలగా పైకి తెస్తారు. చంకలో ఇరికించుకుని తీగను లాగుతూ వదులుతూ మీటితే, మనిషి మూలిగినట్టు, అడిగినట్టు, నవ్వినట్టు పలుకుతుంది. ఆ సన్నటి జారుడు వినపడకపోతే ఎల్లమ్మ కథ సగం పోయినట్టే. వంత పాడేవాళ్ళకు తలా ఒక మైకు ఇవ్వకుండా, ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకటి, కాస్త ఎడంగా పెట్టండి. గొంతులు గాలిలోనే కలిసి మైకులోకి వస్తాయి.

ఇప్పుడు హాలు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పెద్ద హాలుతో పాటు చిన్నది కూడా ఉంది, మీకు చిన్నది చాలు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం మీ వైపు నుంచి దగ్గరే, పాట వినే అలవాటున్న జనం అక్కడికి వస్తారు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది, ఆరుబయట బండరాయి పక్కన కూర్చుని వినే చోటు, జానపదానికి బాగా నప్పుతుంది. రవీంద్రభారతి 1961 నాటి పెద్ద వేదిక, పేరుంటుంది, కానీ మొదటి ఏడాదే అక్కడికి వెళ్ళకండి, ఖాళీ కుర్చీలు చూసి మీరే దిగులు పడతారు. ఎక్కడైనా సరే, మొదటి మూడు వరసల కుర్చీలు తీయించి జంపఖానా పరిపించండి. మీ వంత వాళ్ళందరూ అక్కడ, జనం మధ్యలో కలిసి కూర్చోవాలి. వేదిక మీద పల్లవి లేవగానే కింద నుంచి ముప్పై గొంతులు అందుకుంటే, వెనక కూర్చున్న కొత్తవాళ్ళకు కూడా ధైర్యం వస్తుంది. కళాకారుల ముఖంలో మార్పు ఆ క్షణంలో చూడండి.

మైదానంలోనో కాలనీ పార్కులోనో పెడితే లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. కాబట్టి ఏడింటికి ఖచ్చితంగా మొదలుపెట్టండి. ప్రసంగాలు అసలే వద్దు. ముఖ్య అతిథి కూడా చాప మీద కూర్చుని వంత పాడాలని ముందే చెప్పండి, ఇష్టమున్నవాళ్ళే వస్తారు.

వీడియోలు తీసేముందు కళాకారుల్ని అడగండి. ప్రదర్శన ఇచ్చినవాళ్ళకు మన కాపీరైట్ చట్టంలో 50 ఏళ్ళ దాకా హక్కుంది, వాళ్ళ అనుమతి లేకుండా రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టకూడదు. ఒప్పుకుంటే వీడియో కింద బృందంలో ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ రాయండి, వంత పాడినవాళ్ళతో సహా. జానపదం అనుకుని మనం పాడేవాటిలో రచయిత ఉన్న పాటలు కూడా చాలా ఉంటాయి. రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళ దాకా ఆ పాట మీద వాళ్ళ వారసులకు హక్కుంటుంది. అందుకే ఆదివారాలు పాట ఎవరిదో అడగమన్నాను.

తిరుగు ప్రయాణం సంగతి ముందే చూడండి. సిద్దిపేట, కరీంనగర్ వైపు వాళ్ళను జూబ్లీ బస్టాండ్‌లో, పాలమూరు వైపు వాళ్ళను ఇమ్లీబన్‌లో, జనగామ, వరంగల్ వైపు వాళ్ళను మీ ఉప్పల్ రింగ్‌రోడ్డులో ఎక్కించాలి. డోళ్ళతో ఎనిమిది మంది ఆటోల్లో పట్టరు, ఒక ట్రాలీ మాట్లాడండి. రాత్రి పది దాటితే ఉండిపొమ్మనండి, మీ ఇళ్ళలోనే ఇద్దరు ముగ్గురు చొప్పున పడుకోబెట్టుకోండి. కచేరీలో రాని పాటలు ఆ రాత్రి డాబా మీద వస్తాయి. మాకు వచ్చిన మంచి పాటలన్నీ అలా వచ్చినవే.

మొదటి ఆదివారం ఎప్పుడో ఇక్కడే రాయండి. నేను హబ్సిగూడలో ఉంటాను, ఉప్పల్ మెట్రోలో మూడో స్టేషనే. నా దగ్గర ఒక జమిడిక ఉంది, తీసుకొస్తాను. చాపలు, మజ్జిగ మీరు చూసుకోండి.